రోమ్ నుంచి రెండు ఇళ్లకు

ట్రెవీ ఫౌంటెన్‌కి వీపు పెట్టి నిలబడి, కుడి చేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వెనక్కి విసిరితే మళ్లీ తప్పకుండా రోమ్‌కి వస్తారని ఓ నమ్మకం. 2024 ఆగస్టు 14, బుధవారం మధ్యాహ్నం అమ్మ ఆ పని చేసింది. యూరో బిళ్ల వృథా ఎందుకని నాన్న గొణిగారు. సాయంత్రం ఆరింటికి మా ముగ్గురి పాస్‌పోర్టులూ పోయాయి.

ఆ రాత్రి హోటల్ గదిలో ఎవరం మాట్లాడకుండా కూర్చున్నాం. చివరికి అమ్మే నోరు విప్పింది. "మళ్లీ రప్పిస్తుందన్నావు కదరా. ఇదేంటి, అసలు పోనివ్వడమే లేదు!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురం నవ్వాం.

మాది తెనాలి. నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా చిన్న గదిలో ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లో వాళ్ల అమ్మకాలు, భాగపంపకాలు, వీలునామాలు రాస్తూ నన్ను ఇంజనీరింగ్ చదివించారు. హైదరాబాద్‌లో మూడేళ్లు పనిచేసి, 2021లో జర్మనీలోని మ్యూనిక్‌కి వచ్చాను. జులైలో అమ్మానాన్న మొదటిసారి విమానం ఎక్కి నా దగ్గరికి వచ్చారు. ఆగస్టు 18న మ్యూనిక్ నుంచి తిరుగు ప్రయాణం. ఈలోపు రోమ్ చూపిద్దామని నాలుగు రోజులకి తీసుకొచ్చాను.

నిజానికి పాస్‌పోర్టులు అమ్మ దగ్గరే ఉండేవి. రొంటిన దోపుకునే గుడ్డసంచిలో పెట్టుకుని, పడుకున్నా తీసేది కాదు. "ఇక్కడ జేబుదొంగలు ఎక్కువమ్మా, నా బ్యాగులో అయితే జాగ్రత్తగా ఉంటాయి" అని పట్టుబట్టి తీసుకున్నది నేనే. నా పాస్‌పోర్టు కవరులోనే జర్మనీ నివాస అనుమతి కార్డు కూడా ఉంది. అన్నీ ఒకేచోట ఉంటే వెతుక్కోనక్కర్లేదని నా లెక్క. డేటా అంతా ఒకే సర్వర్లో పెట్టకూడదని ఆఫీసులో జూనియర్లకి చెప్పే మనిషిని నేను!

ఆ రోజు ఎండ 37 డిగ్రీలు. వాటికన్ చూసి కిక్కిరిసిన సిటీ బస్సెక్కాం. సీటు దొరికి బ్యాగు పక్కన పెట్టాను. మూడు స్టాపులయ్యాక నాన్నకి కళ్లు తిరిగాయి. మొహం తెల్లగా పాలిపోయింది. ఒక చేత్తో ఆయన్ని, మరో చేత్తో అమ్మని పట్టుకుని దిగిపోయాను.

రోమ్ వీధుల్లో అడుగడుగునా చిన్న ఇనప స్తంభాల్లాంటి కుళాయిలుంటాయి. వాటిని నాసోనీ అంటారు, అంటే పెద్ద ముక్కులని అర్థం. వంకర గొట్టంలోంచి చల్లటి మంచినీళ్లు రాత్రీ పగలూ ధారగా పడుతూనే ఉంటాయి. మొదటిరోజే అమ్మ వీటిని చూసి "ఊరంతా చలివేంద్రాలు పెట్టారే" అని మురిసిపోయింది. అలాంటి కుళాయి కింద నాన్న తల తడిపి, మొహం కడిగి, నీళ్లు తాగించాం. పది నిమిషాలకి ఆయన తేరుకున్నారు. అప్పుడు వంగిన వాణ్ణి లేచి నిలబడ్డాను. వీపు తేలిగ్గా ఉంది.

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. వాళ్లని నీడలో కూర్చోబెట్టి చివరి స్టాపు దాకా వెళ్లాను. అదే నంబరున్న బస్సులు వచ్చినవి వచ్చినట్టు ఎక్కి చూశాను. డ్రైవర్లని అడిగాను. దొరకలేదు. జేబులో ఫోను, పర్సు, మ్యూనిక్ ఇంటి తాళంచెవి మిగిలాయి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లేసరికి రాత్రి తొమ్మిదయింది. అక్కడి అధికారి సగం ఇంగ్లీషులో, సగం ఫోన్లో అనువాదం పెట్టుకుని ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు. "స్మర్రిమెంతో? ఫుర్తో?" మొదటిది పోగొట్టుకోవడం, రెండోది దొంగతనం. రిపోర్టులో ఏదో ఒకటే రాయాలి.

మన భాషలో ఈ తేడా ఇంకా అందంగా ఉంటుంది. 'పోయింది' అంటే తప్పు ఎవరిదో తెలియదు. 'పోగొట్టుకున్నాను' అంటే తప్పు నాది. దొంగతనం అని రాయిస్తే అమ్మానాన్నల ముందు కాస్త పరువు దక్కేది. కానీ బ్యాగు ఎవరూ లాక్కోలేదు. "స్మర్రిమెంతో" అన్నాను. ముగ్గురి పేర్లతో రిపోర్టు టైపు చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. తర్వాతి రెండు వారాలూ ఆ కాగితమే మా గుర్తింపు.

హోటల్‌కి వచ్చి జర్మనీ నంబరు 116 116కి ఫోన్ చేశాను. బ్యాంకు కార్డులకే కాదు, నివాస కార్డులోని ఆన్‌లైన్ గుర్తింపుని ఆపడానికీ అదే నంబరు. హోటల్ మారడం మాత్రం కుదరదు. ఇటలీలో బస ఇచ్చేవాళ్లు అతిథుల గుర్తింపు వివరాలు పోలీసులకి పంపాలి. పాస్‌పోర్టు లేకుండా కొత్తచోట గది దొరకదు. ఇక్కడ వచ్చినరోజే వివరాలు తీసుకున్నారు కాబట్టి, ఎన్నాళ్లైనా ఇదే గది.

నిద్రపట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే నాన్న మంచం అంచున కూర్చుని ఫోన్ చూస్తున్నారు. సౌండు తగ్గించి పెట్టుకున్నారు. మన దగ్గర ఉదయం ఏడున్నర. ఎర్రకోట మీద జెండా ఎగరేస్తున్నారు. పంద్రాగస్టు సంగతే నాకు గుర్తులేదు. నాన్న లేచి నిలబడ్డారు. చీకటి గదిలో, బనీనూ లుంగీతో. జాతీయగీతం అయ్యేదాకా అలాగే నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇప్పుడు మనం ఏ దేశం వాళ్లమో చూపించడానికి ఏం ఉంది మన దగ్గర?" అన్నారు.

పోలీసు రిపోర్టు తప్ప ఏమీ లేదన్నాను.

ఆగస్టు 15 ఇటలీలోనూ సెలవే. దాన్ని ఫెర్రాగోస్తో అంటారు. అగస్టస్ చక్రవర్తి కాలం నాటి పండగ నుంచి వచ్చిన పేరది. ఆ రోజు రోమ్ వాళ్లు రోమ్‌లో ఉండరు, సముద్రం ఒడ్డుకి పోతారు. దుకాణాల షట్టర్లు దించేసి ఉన్నాయి. మన ఎంబసీలో కూడా ఆ రోజు పాస్‌పోర్టు పని జరగదు. ఒకేరోజు రెండు దేశాల సెలవు మా నెత్తిన పడింది.

అందుకని రేపటికి కావాల్సినవి పోగేద్దామనుకున్నాను. పాస్‌పోర్టు నంబర్లు, జారీ చేసిన తేదీలు, కాపీలు. "అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి" అని ధీమాగా ఫోన్ తీశాను. వెతికితే దొరికింది 2014లో, నాకు పద్దెనిమిదేళ్లప్పుడు తీసుకున్న పాత పాస్‌పోర్టు. కొత్తది ఆ ఏడాదే మ్యూనిక్‌లోని మన కాన్సులేట్‌లో తీసుకున్నాను. దాని కాపీ, అమ్మానాన్నల కాపీలు అన్నీ ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి.

నేను తల పట్టుకుని కూర్చుంటే అమ్మ తన హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది. అడుగున మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు. అందులో జిరాక్సులు. వాళ్ల వీసా అప్లికేషన్ కోసం తీయించిన సెట్టు అది. పిలిచేది కొడుకు కాబట్టి నా పాస్‌పోర్టు, నా నివాస కార్డు కాపీలు కూడా జతచేశారు. వీసా వచ్చాక ఆ పేజీలు కూడా తెనాలిలో మళ్లీ తీయించింది. ఒక్కొక్కరివీ నాలుగేసి ఫొటోలు. వాళ్లిద్దరి ఆధార్ కార్డులు.

"ఇవి ఇక్కడికెందుకు తెచ్చావమ్మా?"

"ఎందుకైనా మంచిదని" అంది. "ఒక సెట్టు నీ ఇంట్లో పెట్టెలో ఉంది, ఒకటి తెనాలిలో బీరువాలో ఉంది."

డేటాని మూడు చోట్ల పెట్టాలన్న సూత్రం మా పరిశ్రమలో పెద్ద పెద్ద మాటల్లో చెబుతారు. అమ్మకి కాపీకి రెండు రూపాయలతో తెలిసిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఎంబసీకి నడిచాం. అది ఉన్న వీధి పేరు వియా వెంతి సెత్తెంబ్రే, అంటే సెప్టెంబర్ 20 వీధి. 1870లో ఆ తేదీన ఇటలీ సైన్యం పోర్తా పియా ద్వారం దగ్గర గోడ బద్దలుకొట్టి రోమ్‌లోకి వచ్చింది. అప్పటిదాకా పోపుల ఏలుబడిలో ఉన్న నగరం ఇటలీలో కలిసింది. ఆ ద్వారం ఈ వీధి చివరే ఉంది. దాన్ని గీసింది మైకెలాంజెలో. దారిలో మోసెస్ విగ్రహం ఉన్న పాత ఫౌంటెన్ పక్కన ఆగి అమ్మ నీళ్లు పట్టుకుంది. ఎదురుగా భవనం మీద మూడు రంగుల జెండా కనిపించింది. విదేశంలో మన జెండా చూస్తే ఒళ్లు పులకరిస్తుందని అందరూ రాస్తారు. నాకైతే కాళ్లలో వణుకు తగ్గింది.

కౌంటర్లో ఉన్నావిడ మా పోలీసు రిపోర్టు, జిరాక్సులు చూసి, "కాపీలున్నాయా, మంచిది. చాలామంది ఉత్త చేతులతో వస్తారు" అంది హిందీలో. తర్వాత అడిగింది, "మీరు ఎక్కడికి వెళ్లాలి?"

"ఇంటికి" అన్నాను.

"ఏ ఇంటికి?"

ఆవిడ మామూలుగానే అడిగింది. ఆ జవాబుని బట్టి ఇచ్చే కాగితం మారుతుంది కాబట్టి.

ఇండియాకి వెళ్లేవాళ్లకి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇది పాస్‌పోర్టు కాదు. పాస్‌పోర్టు పోయిన భారతీయుడు ఒక్కసారి, ఒకే వైపు, ఇండియాకి మాత్రమే వెళ్లడానికి ఇచ్చే పత్రం. దాంతో ఇంకో దేశానికి పోలేం. మళ్లీ బయటికి రావాలంటే ఇండియాలో కొత్త పాస్‌పోర్టు తీసుకోవాలి. ఇక నాలాంటివాడు ఇంకో దేశానికి తిరిగి వెళ్లాలంటే ఇక్కడే పాస్‌పోర్టు కావాలి. దానికి పాత పాస్‌పోర్టు ఇచ్చిన ఆఫీసు నుంచి అనుమతి రావాలి. రోజులు పడుతుంది.

"మాకు ఈసీ ఇస్తారట నాన్నా" అన్నాను పక్కకొచ్చి.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఈసీనా? మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేదా? ఇక్కడెందుకురా?"

ముప్పై ఏళ్లుగా ఈసీ అంటే ఆయనకి ఆస్తి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయో లేదో చెప్పే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఒక్కటే. ఇది వేరే ఈసీ అని చెబితే, "ఏదైతేనేం, మనిషి మీద బాకీలేమీ లేవని రాసిస్తారన్నమాట" అన్నారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. అమ్మ నన్ను బయటి అరుగు మీద కూర్చోబెట్టింది. "నువ్వు కూడా అదే తీసుకుని మాతో వచ్చేయ్ రా. అక్కడే కొత్త పాస్‌పోర్టు తీసుకుని మళ్లీ పో. ఒక్కడివే ఇక్కడ కాగితాల్లేకుండా ఎలా ఉంటావు? దార్లో మీ నాన్నకి మళ్లీ కళ్లు తిరిగితే?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇండియాలో పోయిన పాస్‌పోర్టుకి బదులు కొత్తది తీసుకోవడం పెద్ద కష్టం కాదు. 36 పేజీలదానికి 3,000 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. కానీ జర్మనీ కార్డు కూడా పోయింది. కార్డు లేకుండా ఇండియా నుంచి బయల్దేరాలంటే తిరిగి ప్రవేశించడానికి వీసా అడగాలి. అపాయింట్‌మెంట్లు, పరిశీలన. ఎన్ని వారాలో ఎవరూ చెప్పలేరు. నేను మే నెలలో కంపెనీ మారాను. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆ గడువులో రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. ఉద్యోగం పోతే అనుమతికి ఆధారమే పోతుంది. తెల్లకాగితం తీసుకుని విమానం ఎక్కితే, మూడేళ్లుగా కట్టుకున్నదంతా ఒక వైపు టిక్కెట్టు మీద పెట్టినట్టే.

కానీ ఎండకి కళ్లు తిరిగి పడబోయిన మనిషిని, ఇంగ్లీషు రాని అమ్మని, పాస్‌పోర్టు కూడా లేకుండా ఢిల్లీ విమానం ఎక్కించి నేను ఆగిపోవాలా? ఆ సమయంలో ఒక సంగతి నాకు అర్థమైంది. నేను మ్యూనిక్ గురించి ఆలోచిస్తున్నప్పుడు మనసులో 'ఇంటికి' అనే అనుకుంటున్నాను. అది బయటికి అనలేకపోతున్నాను, అమ్మ ఎదురుగా.

నాన్న మమ్మల్నిద్దర్నీ కాసేపు చూశారు. తర్వాత అమ్మతో అన్నారు. "మనకి పోను కాగితం చాలే. వాడికి రానూ పోనూ కాగితం కావాలి. వాణ్ణి ఇక్కడ తీసుకోనీ."

"మీ ఒంట్లో బాగోకపోతే?"

"నీళ్లు తాగుతాను. నువ్వున్నావుగా."

నాతో మాత్రం ఇంకో మాట అన్నారు. "కాగితం పోయినంత మాత్రాన హక్కు పోదురా. ఇల్లు తగలబడి దస్తావేజులు బూడిదైనవాళ్లని ఎంతమందిని చూశాను! రిజిస్ట్రారాఫీసు పుస్తకంలో ఉంటుంది, నకలు తీయించుకోవడమే. కాకపోతే నకలు వచ్చేదాకా ఆ ఇల్లు నీదని నువ్వొక్కడివే నమ్ముకుని కూర్చోవాలి. అంతే తేడా."

అమ్మానాన్నలకి ఈసీలు, నాకు పాస్‌పోర్టు. దరఖాస్తులు ఇచ్చేశాం. కంపెనీకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. సెలవు పెట్టుకోమన్నారు. సెలవులు చాలకపోతే జీతం లేకుండా ఉండు, తర్వాత చూద్దాం అన్నారు. ఆ 'తర్వాత చూద్దాం'ని రాత్రిళ్లు చాలాసార్లు తలుచుకున్నాను.

శని, ఆదివారాలు ఎదురుచూపే. అయితే చేతిలో పాస్‌పోర్టు లేకపోయినా కాళ్లున్నాయి. పాంథియాన్ చూశాం. 43 మీటర్ల ఎత్తు గోపురం, దాని నడినెత్తిన ఆకాశం కనిపించే గుండ్రటి కన్నం. వానొస్తే లోపల పడదా అని అమ్మ అడిగింది. పడుతుంది, నేలలో నీళ్లు పోయేందుకు చిల్లులున్నాయి. టైబర్ నది వంతెన మీద నిలబడి నాన్న, "మన కాలువల కన్నా కొంచెం పెద్దది" అని తేల్చారు. మా తెనాలి గుండా మూడు కాలువలు పోతాయి. ఊరికి ఆంధ్రా ప్యారిస్ అని పేరు. ఆ ధీమా ఆయనకి ఎక్కడికి పోయినా తగ్గదు.

కానీ ఆయన్ని నిజంగా కదిలించింది ఇంకోటి. ఫోరం శిథిలాల వెనక, కాపిటొలైన్ కొండ మీది భవనం పునాదిలో బూడిదరంగు రాళ్ల గోడ ఉంది. దాన్ని టాబులారియం అంటారు. క్రీస్తుపూర్వం 78 ప్రాంతంలో కట్టిన ఆ భవనంలో రోమ్ రాజ్యం తన చట్టాలు, ఒప్పందాలు దాచేదని చెబుతారు. "అంటే రికార్డు రూమా?" అన్నారు నాన్న. కొలోసియం ముందు పది నిమిషాలు నిలబడని మనిషి, ఆ గోడ ముందు అరగంట కూర్చున్నారు. "రెండు వేల ఏళ్ల కిందట కూడా ఎవడో ఒకడు ఇక్కడికొచ్చి, నా కాగితం పోయిందండీ, నకలివ్వండి అని అడిగే ఉంటాడు" అన్నారు. మొహంలో మూడ్రోజుల తర్వాత మొదటిసారి నవ్వు.

సోమవారం సాయంత్రం ఈసీలు చేతికొచ్చాయి. ఇండియాకి నేరుగా వెళ్లే విమానమే మంచిదని మంగళవారానికి ఢిల్లీ టిక్కెట్లు, అక్కణ్ణుంచి గన్నవరానికి ఇంకో విమానం తీసుకున్నాను. దేశంలో విమానానికి ఆధార్ చాలు, అవి అమ్మ కవరులో ఉన్నాయి. వాళ్ల పెద్ద పెట్టెలు మ్యూనిక్‌లోనే ఉండిపోయాయి. నాలుగు రోజులకి తెచ్చుకున్న చిన్న బ్యాగుతోనే దేశం దాటుతున్నారు.

ఎయిర్‌పోర్టులో నన్ను లోపలికి రానివ్వరు. ఒక తెల్లకాగితం మీద ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసి నాన్నకిచ్చాను. మా పాస్‌పోర్టులు పోయాయి, ఇది పోలీసు రిపోర్టు, ఇది ఎంబసీ ఇచ్చిన పత్రం. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్లకి నేను రాసిచ్చాను. ఇవ్వాళ నువ్వు నాకు రాసిస్తున్నావు" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ తన రొంటిలోని గుడ్డసంచి తీసి నా చేతిలో పెట్టింది. అది ఖాళీగా ఉంది.

గంట తర్వాత ఫోన్ వచ్చింది. ఇమ్మిగ్రేషన్‌లో ఆపారట. పాస్‌పోర్టు లేదు కాబట్టి యూరప్‌లోకి వచ్చినప్పటి ముద్ర లేదు. ఎప్పుడు వచ్చారో ఎలా నమ్మాలి? వీసా జిరాక్సు ఇచ్చారు. ఇంకా ఏదైనా ఉందా అంటే నాన్న తన డైరీ తీశారు. అందులో వచ్చేటప్పటి విమానం బోర్డింగ్ పాసులు రెండూ ఉన్నాయి, పుస్తకంలో నెమలీకల్లా దాచినవి. ఊళ్లో చూపించడానికట. అధికారి తేదీ చూసుకుని పంపించేశాడు.

"అడిగిందల్లా చూపించాంరా" అన్నారు నాన్న. గొంతులో రిజిస్ట్రేషన్ పూర్తయినప్పటి తృప్తి.

మర్నాడు వాళ్లు తెనాలి చేరారు. నేను రోమ్‌లో ఇంకో వారం ఉన్నాను. పాత పాస్‌పోర్టు జారీ చేసింది మ్యూనిక్‌లోని మన కాన్సులేట్ కావడంతో అనుమతి అక్కణ్ణుంచే రావాలి. మ్యూనిక్ నగర విదేశీయుల కార్యాలయానికి ఈమెయిల్ రాశాను. జవాబు క్లుప్తంగా వచ్చింది. కార్డు పోయినా మీ నివాస హక్కు అలాగే ఉంది, కొత్త పాస్‌పోర్టుతో వచ్చి కొత్త కార్డుకి దరఖాస్తు చేసుకోండి. అంటే నాన్న అరుగు మీద చెప్పిందే, జర్మన్ భాషలో.

పాస్‌పోర్టు ఫారంలో రెండు గడులున్నాయి. ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా. చాలా ఫారాల్లో నింపాను కానీ ఎప్పుడూ ఆలోచించలేదు. మొదటిదాంట్లో మ్యూనిక్, రెండోదాంట్లో తెనాలి. రెండు రాసేందుకు చోటిచ్చినవాళ్లకి మనసులో దండం పెట్టుకున్నాను. 'ఏ ఇంటికి' అని అడిగినప్పుడు నేను చెప్పలేని జవాబు ఆ ఫారం ఎప్పుడో రాసిపెట్టింది.

27న తక్కువ గడువున్న కొత్త పాస్‌పోర్టు వచ్చింది. మర్నాడు రైల్లో బయల్దేరాను. బొలోన్యాలో మారి మ్యూనిక్ వెళ్లే రైలు ఎక్కాలి. బోగీ మీద రైలు రకం రాసి ఉంది. ఈసీ. యూరోసిటీకి పొట్టిపేరు. ఫొటో తీసి నాన్నకి పంపితే, "నీకూ ఇచ్చారన్నమాట" అని జవాబు.

ఆ దారి ఆల్ప్స్ కొండల మధ్యలోంచి బ్రెన్నర్ కనుమ దాటి ఆస్ట్రియాలోకి, అక్కణ్ణుంచి జర్మనీలోకి పోతుంది. కొండలు, చర్చి శిఖరాలు, ఆవులు. వెళ్లేటప్పుడైతే వీడియోలు తీసేవాణ్ణి. ఇప్పుడు గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. 2015 నుంచి ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ పోలీసులు తనిఖీలు చేస్తున్నారు. రోజెన్‌హైమ్ దగ్గర ఇద్దరు ఎక్కారు. బోగీలో అందరి కార్డులూ చూస్తూ నా దగ్గరికి వచ్చారు.

కొత్త పాస్‌పోర్టు ఇచ్చాను. తిప్పి చూశాడు. ఒక్క ముద్ర లేదు, వీసా లేదు. "నివాస కార్డు?" పోయిందని చెప్పి, పోలీసు రిపోర్టు, అమ్మ జిరాక్సు, ఈమెయిల్ ప్రింటు చేతిలో పెట్టాను. అతను చేతిలోని పరికరంలో నా వివరాలు కొట్టాడు. జర్మనీలో విదేశీయులందరి వివరాలకీ ఒక కేంద్ర రిజిస్టర్ ఉంది. అందులో నా పేరు ఉండాలి. ఉంటుందని నాకు తెలుసు. అయినా అతను తెర చూస్తున్నంతసేపూ ఊపిరి తీసుకోలేదు. నకలు వచ్చేదాకా నువ్వొక్కడివే నమ్ముకోవాలి అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

అతను తలూపి, కాగితాలన్నీ వరుసగా సర్ది వెనక్కిచ్చాడు. జిరాక్సు మీద వేలు పెట్టి, "గుడ్ ఐడియా" అన్నాడు. అది మా అమ్మదని చెప్పాను.

మీరెవరైనా పెద్దవాళ్లతో విదేశాలకి వెళ్తుంటే నేను నేర్చుకున్నది చెబుతాను. పాస్‌పోర్టులన్నీ ఒకరి దగ్గరే ఉంచకండి. వీసా పేజీలతో సహా జిరాక్సులు ఒక్కో బ్యాగులో ఒక్కో సెట్టు పెట్టండి. నాలుగు ఫొటోలు, బోర్డింగ్ పాసులు దాచుకోండి. పోతే వెంటనే పోలీసు రిపోర్టు రాయించండి. పోయిందని ఒకసారి నమోదయ్యాక పాత పాస్‌పోర్టు రద్దవుతుంది, తర్వాత దొరికినా దాంతో ప్రయాణం చేయకూడదు. మన ఎంబసీకి వెళ్లేముందు ఒక్క ప్రశ్నకి జవాబు సిద్ధంగా పెట్టుకోండి. ఏ ఇంటికి వెళ్లాలి?

రాత్రి ఇంటి తలుపు తీసేసరికి పదయింది. రెండు వారాలుగా మూసి ఉన్న గదిలో అగరుబత్తి వాసన ఇంకా ఉంది. హాల్లో వాళ్ల పెట్టెలు రెండూ పక్కపక్కన. బట్టలారేసే స్టాండు మీద అమ్మ చీర, బయల్దేరే రోజు పొద్దున ఉతికి ఆరేసింది. ఎండి బిరుసెక్కింది. దాన్ని మడతపెట్టబోయి ఆగాను. వీడియో కాల్ చేశాను. తెనాలిలో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర అవుతోంది. మొదటి రింగుకే ఎత్తారు. ఇద్దరూ మేలుకునే ఉన్నారు.

"చేరావా ఇంటికి?" అంది అమ్మ.

చేరానన్నాను.